నెత్తురు చిందని గాయము

కత్తి తగిలినచో నెత్తురు కారును. ఎముక విరిగినచో ఎక్స్‌రే చిత్రములో గీత కనబడును. కంటికి కనబడు గాయమునకు లోకము జాలిపడును, వైద్యుడు కట్టు కట్టును, ప్రభుత్వము పరిహారము లెక్కించును. కాని చర్మముపై గీతయైన పడకుండ, ఒక్క చుక్క నెత్తురైన చిందకుండ, మనుష్యుని మెదడునకు తగులు గాయ మొకటి కలదు. అది పేలుడు పుట్టించు గాలిదెబ్బ.

పెద్ద పేలుడులో చిక్కుకొన్నవాని సంగతి అందరికిని తెలిసినదే. ఇచ్చట విచారింపదగినది వేరు. ఒక్కొక్కటిగా చూచిన అల్పముగనే తోచుచు, వందలసారులు, వేలసారులు తగులు చిన్న పేలుళ్ల సంగతి యిది. శిక్షణలో ఫిరంగి పేల్చు సైనికునకు, భుజముపైనుండి గుండు వదలు జవానునకు, చేబాంబు విసరుట నేర్పు ఉపదేశకునకు ఇవి నిత్యకృత్యములు. ఎదుట శత్రువు ఒక్కడును లేకపోయినను, వాని ఆయుధమే వానిని కొద్దికొద్దిగా కొట్టుచుండును.

ఈ విషయము యుద్ధభూములకు దూరమున నున్న పల్లెలకు పట్టనిదని తలచరాదు. వనపర్తి జిల్లాలోని వీపనగండ్ల కృష్ణానదికి చేరువనున్న మండల కేంద్రము. 2016 అక్టోబరులో వనపర్తి జిల్లా ఏర్పడువరకు అది మహబూబునగరం జిల్లాలో, అనగా పాలమూరు సీమలో, ఒక భాగము. దేశములో ఆనకట్టలు కట్టుచోటను, కాలువలు త్రవ్వుచోటను "పాలమూరు కూలీ" అను మాట వినబడిన కాలము కలదు. గుంపు మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టిన సొమ్మునకు కట్టుబడి, పిల్లాపాపలతో ఊరు విడిచి, పరాయి రాష్ట్రములలో మట్టి మోసి రాళ్లు కొట్టిన సీమ యిది. పొరుగున కొల్లాపురం ప్రాంతములో, నార్లాపూరు వద్ద, 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకమునకై రాతిని తొలిచి భూగర్భమున పంపుల గృహము నిర్మించిరి. కనుక పేలుడు చప్పుడు ఇచ్చటి చెవులకు కొత్త కాదు. సైన్యములో చేరు బిడ్డయు, రాతిపనికి పోవు బిడ్డయు చదువుకొనునది ఒకే బడిలో. ఈ గాలిదెబ్బను గూర్చి వారికి ముందుగా తెలియజెప్పదగిన తావు ఆ బడియే.

పేలుడులో జరుగునది

మండుట వేరు, పేలుట వేరు. కట్టె కాలుటకు గంట పట్టును. టి.ఎన్.టి. వంటి పదార్థములో పేలుడు సెకనుకు దాదాపు 7 కిలోమీటర్ల వేగముతో వ్యాపించును. ఘనముగా నున్నది కనురెప్ప పాటైన పట్టకుండ మిక్కిలి వేడి గల వాయువుగా మారి, నలుదిక్కుల గాలిని ఒక్కసారిగా నెట్టును. నెట్టబడిన గాలి గోడవలె దట్టమై, ధ్వని వేగమును మించి ముందునకు ఉరుకును. ఇదియే పీడన తరంగము. ఇది తాకినప్పుడు శరీరముపై పీడనము హఠాత్తుగా పెరుగును. పిమ్మట మామూలుకంటె తగ్గి తిరిగి సమమగును. ఇదంతయు సెకనులో వెయ్యవవంతులు కొన్నింటిలోనే ముగిసిపోవును.

సముద్రమట్టమున ప్రతి మనుష్యుడును ఒంటిమీద చదరపు అంగుళమునకు దాదాపు 14.7 పౌనుల గాలిపీడనమును మోయుచుండును. అది ఎల్లప్పుడును, అన్నివైపులనుండియు సమానముగ నుండుటచే బాధ తెలియదు. దానిపై క్షణకాలములో మరి 4 పౌనులు వచ్చిపడినచో? అమెరికా సైన్యము జాగ్రత్త వహింపవలసిన హద్దుగా పెట్టుకొన్నది ఈ 4 పౌనులే. చప్పుడు కొలతలో అది సుమారు 183 డెసిబెల్లులు. డెసిబెల్లుల లెక్క మామూలు కూడిక వంటిది కాదు. కొలత 20 పెరిగినచో పీడనము పదిరెట్లగును. కావున 163 కును 183 కును గల భేదము అల్పమనుకొన్నవాడు మోసపోవును.

దేహములో గాలి నిండిన తావులు, అనగా చెవులు, ఊపిరితిత్తులు, ప్రేగులు, పెద్ద పేలుడులో మొదట దెబ్బతినును. మెదడు సంగతి మరింత సూక్ష్మము. కుండ కొనువారు వ్రేలితో కొట్టి చూతురు. ఆ చిన్న దెబ్బ కుండ యంతటను పాకును. మట్టి ఒకేవిధముగ నున్నచోట సాఫీగా పోవును, పగులున్నచోట చప్పుడు మారును. పుర్రెలో మెదడు ఒకే పదార్థము కాదు. అందులో బూడిదరంగు భాగము కలదు, తెల్లని భాగము కలదు, చుట్టును ద్రవము కలదు, నడుమ రక్తనాళములు కలవు. వీని సాంద్రతలు వేర్వేరు. తరంగము ఒకదానినుండి మరొకదానిలోనికి దాటు హద్దులవద్ద ఆ కణజాలము ఎక్కువగా గుంజులాటకు లోనగునని శాస్త్రజ్ఞుల ఊహ. ఈ ఊహకు సాక్ష్యము ఎట్లు దొరికినదో ముందు చెప్పబడును.

ఆయుధము ననుసరించి దెబ్బయు మారును. పెద్ద ఫిరంగులకు వెనుకతన్ను తగ్గించుటకై గొట్టపు మూతివద్ద ఒక అమరిక యుండును. అది మందు వాయువులను ప్రక్కలకును వెనుకకును మళ్లించును. ఫిరంగి నిలకడగా నుండును గాని, మళ్లిన గాలిదెబ్బలో కొంత సిబ్బందికి తగులును. భారత సైన్యము వాడు 84 మిల్లీమీటర్ల కార్ల్ గుస్తాఫ్ వంటి ఆయుధము భుజముపైనుండి పేల్చునది. దానికి వెనుకతన్ను లేకుండుటకు కారణము, వాయువులను వెనుకనుండి వదలివేయుటయే. పేల్చువాని తల ఆ గొట్టము ప్రక్కనే యుండును. గోడల నడుమనో, సొరంగములోనో పేలినచో తరంగము తిరిగి తిరిగి తాకును. అందుచే ఆరుబయట అల్పమైన పేలుడు గదిలో అల్పము కాదు.

నూరేండ్ల వివాదము

ఈ గాయమునకు ఒక పాత పేరు కలదు. మొదటి ప్రపంచయుద్ధములో ఫిరంగిగుండ్ల వాన కురిసిన కందకములనుండి, ఒంటిమీద గాయము లేకయే, చూపు మందగించి, మాట పడిపోయి, చేతులు వణకుచు సైనికులు ఆసుపత్రులకు వచ్చిరి. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అను వైద్యుడు "లాన్సెట్" వైద్యపత్రికలో అట్టివారిని గూర్చి వ్రాయుచు "షెల్ షాక్" అను మాటను వాడెను. ఫ్రెడరిక్ మాట్ అను మరియొక వైద్యుడు చనిపోయినవారి మెదళ్లను పరీక్షించి, అతిసూక్ష్మమైన రక్తస్రావములను చూచెను. గాలిదెబ్బయే కారణమై యుండునని యొక వర్గము, భయమే కారణమని మరియొక వర్గము వాదించెను. మయర్స్ తానే క్రమముగా అనేకుల విషయమున మనోవేదనయే కారణమని తలచెను. 1917లో ఆ పేరు వాడుకపై బ్రిటిషు సైన్యము కట్టడి విధించెను. 1922లో వెలువడిన విచారణసంఘపు నివేదికయు ఆ మాటను వదలివేయుమనెను.

పేరు పోయినంత మాత్రమున వ్యాధి పోలేదు. ఆ యుద్ధములో విధి విడిచి పారిపోయిరనియు, పిరికితనము చూపిరనియు మోపిన నేరములకు బ్రిటిషు సైన్యము కాల్చిచంపిన సైనికులలో 306 మందికి 2006లో, దాదాపు తొంబదియేండ్ల పిదప, క్షమాపణ ప్రసాదించిరి. వారిలో ఎందరి మెదళ్లు నిజముగా పేలుళ్లచే చెడియుండెనో ఇక తేల్చుట అసాధ్యము. ఆ యుద్ధమునకు పదిలక్షలకు పైగా భారతీయులు సముద్రములు దాటి పోయిరి. తిరిగి వచ్చిన పిదప ఏ పల్లెలో ఎవడు రాత్రులు నిద్రలేక లేచి కూర్చుండెనో, ఎవనిని ఇరుగుపొరుగువారు "మనసు చెదిరినవాడు" అని ప్రక్కకు తొలగిరో చరిత్రపుటలకు ఎక్కలేదు. కనబడని గాయమునకు పేరు లేనప్పుడు, దానికి పిరికితనమనియో పిచ్చియనియో లోకము తానే పేరు పెట్టును.

సూక్ష్మదర్శిని చెప్పిన సాక్ష్యము

వివాదము మరల లేచినది ఇరాకు, ఆఫ్ఘనిస్తాను యుద్ధముల పిదప. 2016లో డేనియల్ పెర్ల్ అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును పేలుళ్లకు గురియైన ఎనమండుగురు అమెరికా సైనికుల మెదళ్లను, వారి మరణానంతరము, పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. మామూలు తలదెబ్బలలో కనబడు తీరునకు భిన్నముగ, బూడిదరంగు భాగమును తెల్లని భాగమును కలియు హద్దునను, రక్తనాళముల చుట్టును, ద్రవమునకు ఆనుకొన్న పొరలలోను మచ్చలు కానవచ్చినవి. తరంగము ఒక పదార్థమునుండి మరొకదానికి దాటుచోటనే గాయము! పైన చెప్పిన ఊహకు అనుగుణమైన సాక్ష్య మిది. బ్రతికియున్నవారికి తీయు స్కానింగు చిత్రములలో ఇట్టి మచ్చలు సాధారణముగ కనబడవు. అందుచే "చిత్రములో ఏమియు లేదు, కావున నీకు ఏమియు లేదు" అను మాట ఎంత తొందరపాటైనదో తెలియుచున్నది.

శత్రువు గుండ్లవలన గాక, తాము పేల్చిన గుండ్లవలననే హాని పొందినవారి సంగతి ఆ తరువాత వెలికి వచ్చెను. 2017లో సిరియాలోని రక్కా నగరమును చుట్టుముట్టిన కాలమున, అమెరికా మెరీను దళపు ఫిరంగి పటాల మొకటి ఐదు నెలలలో సుమారు 35,000 గుండ్లు పేల్చెను. వారు శత్రువునకు ఎన్నో మైళ్ల దూరమున నుండిరి. ఐనను ఆ విధులనుండి తిరిగివచ్చినవారిలో కొందరు తలనొప్పి, మతిమరుపు, నిద్రలేమి, లేనిపోని రూపములు కనబడుట వంటి బాధలకు లోనైరని 2023లో పత్రికలు వ్రాసెను. 2024లో బ్రయన్ ఎడ్లో ప్రభృతులు సేవలోనున్న 30 మంది ప్రత్యేకదళ సైనికులను పరీక్షించి, పేలుళ్ల అనుభవము ఎక్కువైనకొలది, ఉద్వేగమును ఆలోచనను అదుపుచేయు మెదడు భాగములో మార్పులు కానవచ్చుచున్నవని ప్రకటించిరి. అదే సంవత్సరము ఆగస్టులో అమెరికా రక్షణశాఖ ఆజ్ఞాపత్రము వెలువరించి, 4 పౌనుల హద్దు దాటు పనులను గుర్తింపుమనియు, అవసరము లేనివారిని దూరముగ నిలుపుమనియు, సైనికుల జ్ఞాపకశక్తిని ఆలోచనావేగమును మొదటనే పరీక్షించి నమోదు చేయుమనియు ఆదేశించెను.

దీనిని బట్టి పేల్చిన ప్రతివానికిని మెదడు చెడునని భ్రమపడరాదు. ఒకే పటాలములో ఒకే పని చేసినవారిలో ఒకడు బాగుండును, మరియొకడు బాధపడును. నిద్రలేమి, యుద్ధభయము, పడి తగిలిన దెబ్బ, మద్యపానము కూడ ఇవే లక్షణములు కలిగింపగలవు. ఎన్ని పేలుళ్లు, ఎంత బలముగలవి, ఎన్ని దినముల వ్యవధిలో తగిలినచో హాని కలుగునో శాస్త్రము ఇంకను తేల్చలేదు. తేల్చలేకపోవుటకు ముఖ్యకారణ మొకటి కలదు. ఎవనికి ఎన్ని దెబ్బలు తగిలినవో చిరకాలము ఎవరును వ్రాసి పెట్టలేదు.

చెవికి లెక్క కలదు

ఫిరంగి చప్పుడు చెవికి చేటు చేయునని పూర్వులకు తెలియును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమ ఫిరంగుల చప్పుడు బహుకాలమునుండి విన్నది. 1520లో శ్రీకృష్ణదేవరాయలకును బిజాపురపు సుల్తానునకును రాయచూరు వద్ద జరిగిన యుద్ధములో ఫిరంగులు మ్రోగినవి. బిజాపురపు కోటబురుజుపై, 1549లో పోతపోసిన "మాలిక్-ఎ-మైదాన్" అను మహాశతఘ్ని నేటికిని నిలిచియున్నది. దానిని పేల్చువాడు వత్తికి నిప్పంటించి, చెవులు చెడకుండుటకై ప్రక్కనున్న నీటితొట్టిలో మునుగుచుండెనని జనశ్రుతి. కథ నిజమైనను కాకపోయినను, పేల్చువానికి కూడ రక్షణ కావలెనన్న తెలివి అందులో కలదు.

ఈ తెలివి నేటి కాలమున లెక్కగా మారినది. 1948 నాటి కర్మాగారముల చట్టము క్రింద చేసిన నిబంధనలలో, పేలుడు వంటి చప్పుడులను గూర్చి చక్కని పట్టిక యొకటి పొందుపరచిరి. చప్పుడు 140 డెసిబెల్లులైనచో దినమునకు 100, 130 ఐనచో 1,000, 120 ఐనచో 10,000 మించరాదు. దెబ్బ పెద్దదైన కొలది సంఖ్య తగ్గవలెను. ఇందలి నీతి సులభము: బలమును మాత్రమే గాక, సంఖ్యను కూడ లెక్కింపవలెను. చెవికి ఈ లెక్క కలదు. మెదడునకు మాత్రము ఇట్టి పట్టిక ఇంకను సిద్ధము కాలేదు. అంతేకాదు, చెవిలో పెట్టుకొను బిరడా చెవిని కాపాడును గాని, పుర్రెను తాకు తరంగమును ఆపలేదు. చెవికి రక్షణ కలిగినది గదా యని మెదడు సంగతి మరచుట పొరపాటు.

హైదరాబాదులో గోలకొండవద్ద 1962లో స్థాపింపబడిన ఆర్టిలరీ సెంటరు, దేశపు ఫిరంగి దళములకు జవానులను తీర్చిదిద్దు కేంద్రములలో ఒకటి. 1999 కార్గిల్ యుద్ధములో భారత ఫిరంగిదళములు రెండున్నర లక్షల గుండ్లు మొదలగు వానిని ప్రయోగించినవని ప్రసిద్ధి. శిఖరములను తిరిగి గెలుచుటలో ఆ గుండ్ల పాత్రను దేశము గౌరవముతో స్మరించుచున్నది. ప్రతి గుండు వెనుకను ఒక సిబ్బంది నిలిచియుండెను. గుండ్లను లెక్కించినట్లే, వానివెనుక నిలిచినవారికి తగిలిన దెబ్బలను లెక్కించుట కూడ దేశమునకు తగిన కృతజ్ఞతయే యగును.

రాతిపనివాని మాట

తరంగమునకు సైనికుని దుస్తులు, కూలివాని దుస్తులు అను భేదము తెలియదు. ఐనను ఇద్దరి సంగతి ఒకటియే యనుట సత్యము కాదు. ఫిరంగి సిబ్బంది పేలుడు ప్రక్కనే నిలువక తప్పదు. రాతిపనివాడు జిలెటిన్ కడ్డీలు కూరి, డిటోనేటరు అమర్చి, దూరముగ తొలగుటకు వీలు కలదు. దూరము పెరిగినకొలది తరంగబలము త్వరగా సన్నగిల్లును. నియమముగ దూరము తొలగినవానికి గాలిదెబ్బకంటె రాతిముక్కలు, రంధ్రములు వేయునప్పటి దుమ్ము వలన వచ్చు ఊపిరితిత్తుల వ్యాధి, యంత్రముల హోరుచే కలుగు చెవుడు పెద్ద ప్రమాదములు.

కాని నియమము తప్పినచోట సంగతి మారును. తొందరలో దగ్గరనే నక్కినవాడు, సొరంగపు మలుపులో నిలిచినవాడు సైనికునికి తగులు దెబ్బనే తినును. సైనికునకు ఒక సేవాపుస్తకమైన కలదు. ఏ దళములో, ఏ ఆయుధముపై, ఎన్నేండ్లు పనిచేసెనో అందులో దొరకును. ఈ సంవత్సరము ఒక రాష్ట్రములో, వచ్చు సంవత్సరము మరొక రాష్ట్రములో, ఒక మేస్త్రీ చేతినుండి మరియొక మేస్త్రీ చేతికి మారిన పాలమూరు కూలివానికి అట్టి పుస్తకమేది? ఇరువది యేండ్ల పిదప చెవులలో హోరు, తలలో పోటు వచ్చినచో, కారణము చూపుటకు వానికి కాగితము ముక్కయైన యుండదు. సైన్యములు ఇప్పుడిప్పుడే నేర్చుకొనుచున్న పాఠము వానికి ఎప్పుడు అందును?

బడి చేయగల పని

ఉపాధ్యాయులు వైద్యులు కారు. వ్యాధిని నిర్ణయించుట వారి పని కాదు. కాని మూడు పనులు వారికి సాధ్యములు.

మొదటిది, లక్షణములను తెలిసియుండుట. మానని తలనొప్పి, చెవిలో హోరు, నిద్ర పట్టకుండుట, వెలుతురు సహింపలేకుండుట, నడకలో తూలుట, ఇప్పుడే చెప్పిన మాట మరచుట, స్వభావమునకు విరుద్ధమైన కోపము. ఇవి చాలకాలము పేలుళ్ల దగ్గర పనిచేసినవానిలో కనబడినచో, అది గుణదోషమని తీర్మానింపక వైద్యునివద్దకు పంపవలెను. మాజీ సైనికులకు 2003లో ప్రారంభమైన ఇ.సి.హెచ్.ఎస్. అను ఆరోగ్య పథకము కలదు. అచ్చటికి పోయినవాడు "తలనొప్పి" యని మాత్రమే చెప్పిన చాలదు. ఏ ఆయుధము, ఎన్నేండ్లు, ఎంత దగ్గర అని కూడ చెప్పవలెను. అడుగనిదే వైద్యునకు అది తట్టకపోవచ్చును.

రెండవది, మాటను సరిదిద్దుట. సెలవుపై వచ్చిన తండ్రి ఉన్నట్టుండి కసరుకొనుచున్నాడని వెనుకబల్లలో ముడుచుకొని కూర్చుండు బాలుడు ప్రతి ఊరిలోను ఉండవచ్చును. కోపమునకు తానే కారణమని ఆ బాలుడు తలచును. గాయము కనబడక పోవచ్చునని, అది ఉన్నంతమాత్రమున మనుష్యుడు చెడ్డవాడు కాడని వానికి తెలిసిన చాలును. ఇంటి బరువు సగము తగ్గును. ఐతే గాయము దౌర్జన్యమునకు సాకు కారాదు. ఇంట ఎవరికైనను హాని కలుగుచున్నచో సహాయము కోరుటయే ధర్మము.

మూడవది, లెక్క వ్రాయుట నేర్పుట. పీడన తరంగము భౌతికశాస్త్ర పాఠము. డెసిబెల్లు గణితపాఠము. మెదడు జీవశాస్త్ర పాఠము. మూడింటిని కలిపి ఒక గంట చెప్పినచో, రేపు ఫిరంగి ప్రక్కన నిలువబోవు విద్యార్థియు, రాతిగుట్ట ఎక్కబోవు విద్యార్థియు ఒక అలవాటు నేర్తురు. పని లేనిదే పేలుడు దగ్గర నిలువకుండుట, చెప్పిన దూరమునకు పది అడుగులు ఎక్కువగనే తొలగుట, తేదీ, స్థలము, పేలుళ్ల సంఖ్య, ఆనాటి రాత్రి తల ఎట్లున్నదో ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుట. ఒక రూళ్ల పుస్తకమునకు అగు ఖర్చు స్వల్పము. పదునైదేండ్ల తరువాత వైద్యునియెదుటను, పింఛను అధికారి యెదుటను, న్యాయస్థానములోను ఆ పుస్తకము మాటాడును.

వడ్డీలెక్కలు వ్రాసినవాడు షావుకారు, కూలిదినములు వ్రాసినవాడు మేస్త్రీ. దేహమునకు తగిలిన దెబ్బల లెక్క మాత్రము దెబ్బ తిన్నవాడే వ్రాసికొనవలసియున్నది. సైన్యములును, ప్రభుత్వములును ఆ లెక్కను తమ పుస్తకములలోనికి ఎక్కించుకొను దినమువరకు, వీపనగండ్ల వంటి ఊళ్ల బిడ్డల చేతిలో ఆ కలము నుంచవలసినది వారి అయ్యవారే.